జారలేదు, కొట్టాడు

ఆఫ్రికా తీరంలోని బాక్సర్ల పేట బుకోమ్‌లో గుసగుసలాడే మగవాణ్ణి ఎవరూ నమ్మరు. చిటికెడు ఉప్పు అరువడిగినా వీధి చివరికి వినబడేలా అడగడం, పెళ్ళాం మీద ప్రేమైనా పక్క వాకిలికి తెలిసేలా చెప్పడం అక్కడి మర్యాద. అలాంటి పేటకు ఏడాదికొక నెల పెద్ద శిక్ష పడుతుంది. కోతల పండగ హొమోవో రాకముందు ఆ నెల రోజులూ డప్పు మోగకూడదు, పాటలపెట్టె పలకకూడదు, చప్పట్లు కొట్టకూడదు, కేక వేయకూడదు. విత్తిన మొక్కజొన్న నేలలో నిద్రపోతోంది, దాన్ని లేపితే ఊరంతా పస్తులే అని పూజారి ఇంటివాళ్ళ మాట. ఆ మాట మీరినవాడు ఒక గొర్రెను, రెండు జిన్ను సారా సీసాలను పూజారి వాకిట్లో పెట్టి తల వంచుకుని నిలబడాలి. అంతెందుకు, బాక్సింగ్ జిమ్ములో గంటకు కూడా గుడ్డ చుట్టేస్తారు. రౌండు అయిందని కోచ్ తువ్వాలు ఊపుతాడు. అది చూడనివాడు అదనంగా నాలుగు దెబ్బలు తింటాడు.

సరిగ్గా ఆ నెలలోనే గోడ గొడవ వచ్చిపడింది.

కోచ్ క్వార్షీ జిమ్ముకు వీధివైపు గోడకు సున్నం కొట్టించాడు. దానిమీద బుకోమ్ కన్న మహాయోధులు నలుగురి బొమ్మలు వేయించాలని ఆయన కోరిక. బొమ్మలు వేసే ఓకైకి చేతినిండా పని లేనిది ఈ నెలలోనే. ముగ్గురి పేర్లకు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆ ముగ్గురూ పోయి చాలాకాలమైంది, వాళ్ళ చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళూ పోయారు, ఇక కాదనేవాడెవడు? తగువంతా నాలుగో చోటు దగ్గరే. ఒకవైపు ఒడార్టే. ఆఫ్రికా టైటిల్ గెలిచి, సముద్రం దాటి వెళ్ళి ప్రపంచ బెల్టు తెచ్చి, ఏడాది తిరక్కుండానే దాన్ని పోగొట్టుకున్నవాడు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇంటిముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మేకలను అదిలిస్తుంటాడు. రెండోవైపు సుడిగాలి టెట్టే. ఒక్క పోటీ కూడా ఓడకుండా, టైటిల్ పోటీ ఇంకా నెల ఉందనగా లారీ కింద పడి పోయినవాడు.

ఒడార్టే తరఫున వాదించేవాళ్ళలో అందరికంటే మొండివాడు ఆనాంగ్. ఇది బుకోమ్ మొత్తానికీ వింతే. ఎందుకంటే ఆఫ్రికా టైటిల్ పోటీలో, ఏడో రౌండులో, ఒడార్టే పడగొట్టింది ఈ ఆనాంగ్‌నే. ఆ రోజు నుంచి ముప్పై ఏళ్ళుగా ఆనాంగ్ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. వీధిలో ఎదురైతే సముద్రం వైపు చూస్తాడు. చెప్పి తీరాల్సిన మాటేదైనా ఉంటే పక్కనున్న మేకకు చెబుతాడు. "ఏమే మేకా, నీ యజమాని లుంగీ ముళ్ళకంపకు తగులుకుందని చెప్పు." ఒడార్టే లేనప్పుడు మాత్రం అతణ్ణి "ఛాంపియన్" అనే తప్ప పేరుతో పిలవడు. ఎదురుగా ఉంటే పేరూ లేదు, ఛాంపియనూ లేదు.

ఆనాంగ్ లెక్క ఆనాంగ్‌ది. సముద్రపు ఒడ్డున చిరిగిన వలలు బాగుచేస్తూ బతికే మనిషికి చెప్పుకోవడానికి మరో గొప్పేమీ లేదు. ప్రపంచాన్నే పడగొట్టినవాడి చేతిలో పడటం వేరు, ఎవడో ఒకడి చేతిలో పడటం వేరు. మొదటిదైతే తలెత్తుకుని తిరగొచ్చు. రెండోదైతే ముప్పై ఏళ్ళుగా తాను మోస్తున్నది ఉత్త అవమానం. ఒడార్టే గోడ ఎక్కకపోతే ఆనాంగ్ మురిక్కాలవలోకి దిగినట్టే. ఈ సంగతి అతను ఎవరితోనూ అనలేదు, పెళ్ళాంతో కూడా.

సోవా క్షౌరశాల జిమ్ముకు ఎదురుగానే ఉంది. సోవా సుడిగాలి పక్షం. వాదన తన పక్షాన తేలాలనుకున్నప్పుడు ఎదుటివాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి గడ్డానికి నురగ పూస్తాడు. కత్తి గొంతు మీద ఉండగా ఎంతటివాడికైనా ఎదురు చెప్పే ధైర్యం రాదు. ఆ రోజు కుర్చీలో ఆనాంగ్ ఉన్నాడు. చుట్టూ బల్లల మీద పేటలోని మగాళ్ళంతా ఉన్నారు. అందరూ గుసగుసల్లోనే అరుచుకుంటున్నారు. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బుతున్నాయి, గొంతు మాత్రం పైకి రావటం లేదు. దారినపోయే పరాయివాడొకడు ఇంతమంది మగాళ్ళు తలలు దగ్గరపెట్టి గుసగుసలాడటం చూసి, జేబు గట్టిగా పట్టుకుని వీధి అవతలికి దాటుకున్నాడు.

"చూడు ఆనాంగ్ బాబాయ్," అన్నాడు సోవా కత్తి తోలు మీద రాస్తూ. "టెట్టే ఎన్ని ఓడాడు? ఒక్కటీ లేదు. మీవాడు ఎన్ని ఓడాడు? చేతివేళ్ళు చాలవు, కాలివేళ్ళు కూడా తెచ్చుకోవాలి."

"ఓడటానికి వాడికి తీరికేదిరా? ఓడే వయసు రాకముందే పోయాడు. వయసొస్తే వాడూ ఓడేవాడు. అందరం ఓడాం."

"చచ్చినవాణ్ణి అనకు బాబాయ్, తప్పు."

"చచ్చినవాడి కళ్ళు చారెడని, బతికుండగా వాడికి గడ్డం అప్పు గీయనన్నవాడివి నువ్వే. ఇప్పుడు గోడెక్కిస్తావా?"

బల్లల మీదివాళ్ళు నవ్వును మోచేతుల్లోకి దిగమింగారు. ఒకడు ఆపుకోలేక చొక్కా నోట్లో కుక్కుకున్నాడు.

"సరే, బతికున్నవాణ్ణే ఎక్కిద్దాం," అన్నాడు సోవా. "రేపు మీవాడు మేక వెంటపడి ఆ గోడ కిందే బోర్లా పడతాడు. పైన బొమ్మ, కింద మనిషి. జనం ఎటు చూసి దండం పెట్టాలి?"

"అయితే ఏం చేయమంటావ్, చావమంటావా?"

"ఈ నెల చావడానికీ లేదుగా. చప్పుడు లేకుండా శవాన్నెలా పంపుతాం?"

ఈసారి నవ్వు ఆపుకోలేక ఇద్దరు లేచి జిమ్ము వెనక్కి పరిగెత్తారు. సోవా మాత్రం నవ్వలేదు. కత్తి ఆనాంగ్ గొంతు దగ్గర పెట్టి, చెవి దగ్గరికి వంగాడు.

"ఇది చెప్పు. మీవాడి గొప్పంతా ఆఫ్రికా టైటిల్‌తో మొదలైంది. ఆ టైటిల్ నీ మీద గెలిచాడు. ఆ రోజు రింగు తడిగా ఉంది. మా నాన్న మూడో వరసలో కూర్చుని కళ్ళారా చూశాడు. ఒడార్టే చెయ్యి ఊపాడు, నువ్వు జారావు. కాకి వాలింది, తాటిపండు పడింది. అంతే కదా?"

"జారలేదు."

"జారావు బాబాయ్. ఒప్పుకుంటే నీకే మంచిది. నువ్వు దెబ్బకు పడలేదు, నీళ్ళకు పడ్డావని ఈ సాయంత్రానికల్లా బుకోమ్ అంతా చెప్పేస్తా. ముప్పై ఏళ్ళ అవమానం ఒక్క గడ్డం గీతతో పోతుంది. డబ్బులు కూడా వద్దు."

ఆనాంగ్ కళ్ళు మూసుకున్నాడు. కాదనటం అంత తేలికేం కాదు. ఓడిపోలేదు, జారిపడ్డాడు. ఎంత తీయని మాట! ఇంకొకడైతే ఆ మాట కోసం సోవా కాళ్ళు కడిగేవాడు. కానీ జారిపడితే ఒడార్టే కొట్టిన దెబ్బ లేదు, దెబ్బ లేకపోతే ఛాంపియన్ లేడు. ఛాంపియన్ లేకపోతే ముప్పై ఏళ్ళు ఆనాంగ్ దేనిమీద కోపంతో బతికినట్టు?

చూపుడు వేలితో కత్తిని పక్కకు నెట్టాడు.

"జారలేదురా. కొట్టాడు. ఎడమచేత్తో, ఇక్కడ, దవడ మీద. పడ్డాను. రిఫరీ పది దాకా లెక్కపెట్టాడు, నాకు వినబడింది రెండే."

ఇంకొకరు కూతురు డాక్టరయిందని చెప్పుకున్నంత గర్వంగా చెప్పాడు ఆ మాట. సగం గడ్డం నురగతోనే కుర్చీలోంచి లేచాడు.

అప్పుడే కోచ్ క్వార్షీ గడప దగ్గర ప్రత్యక్షమయ్యాడు. డెబ్బై అయిదేళ్ళ మనిషి. ముక్కు మూడుసార్లు విరిగి, చివరికి ఎటు తిరగాలో తెలియక మధ్యలోనే ఆగిపోయింది.

"మీ గుసగుసలు వినీ వినీ నా చెవుల్లో చీమలు పాకుతున్నాయిరా," అన్నాడు. "ఆ పోటీ రోజు జ్వరంతో పడుకుని నేను చూడలేదు. చూసుంటే ఈ తలనొప్పే ఉండేది కాదు. రేపు మధ్యాహ్నం ఇద్దరూ రింగులోకి రండి. ఆ దెబ్బ ఎలా వేశాడో, నువ్వెలా పడ్డావో నా కళ్ళముందు చూపించండి. నిజమైన దెబ్బయితే ఒడార్టే గోడెక్కుతాడు. కాదంటే టెట్టే. ఆ తర్వాత ఎవడైనా నోరు తెరిస్తే గంటకు చుట్టిన గుడ్డ వాడి నోటికి చుడతా."

ఆ సాయంత్రం ఆనాంగ్ పెళ్ళాం డేడే గిన్నె పట్టుకుని వచ్చింది. ఆ పేట ఆచారంలో మొగుడిల్లు మొగుడిది, పెళ్ళామిల్లు పెళ్ళానిది, మధ్యలో ఒక గోడ. పెళ్ళయిన నాటి నుంచి డేడే తన తల్లీ పిన్నుల వాకిట్లోనే ఉంటుంది, అక్కడే పులిసిన మొక్కజొన్న పిండితో కెంకే ముద్దలు కట్టి అమ్ముతుంది. రోజూ పొద్దుగూకేవేళకు మొగుడి భోజనం గోడ దాటి వస్తుంది. దాంతోపాటే ఆ రోజు మొగుడి గురించి విన్నవన్నీ వస్తాయి.

"రేపు పడతావంటగా?" అంది గిన్నె ముందు పెట్టి.

"పడాలి."

"పడితే పడ్డావుగానీ నడుము చూసుకో. అప్పుడంటే కుర్రాడివి, పదంకెల తర్వాతైనా లేచావు. ఇప్పుడు వంద లెక్కపెట్టినా లేవవు."

"నవ్వకు. ఇది తమాషా కాదు."

"తమాషా కాదని తెలుసు. గడ్డం సగమే గీయించుకుని వీధంతా తిరిగొచ్చిన మనిషిని చూస్తే ఎవరికి తెలియదు?" డేడే గొంతు తగ్గించింది. "అది సరేగానీ, పొద్దున్నే పెరట్లో ఆ గంతులు ఈ నెలైనా మానుకో. గోడవతల మాకు ధబధబా వినబడుతోంది. పూజారి ఇంటివాళ్ళ చెవినబడితే గొర్రెను కొనేది నా కెంకే డబ్బులతోనే."

"చెప్పులు విప్పే చేస్తున్నా కదే."

"అసలు ఎందుకు చేస్తున్నట్టు?"

ఆనాంగ్ చేపముక్క తుంచి కారంలో అద్దుకున్నాడు. డేడే రెట్టించలేదు. మొగుడు ఏ పిచ్చిపని చేసినా దాన్ని తన వాకిట్లో చేసుకున్నంతకాలం పెళ్ళాం అడగకపోవడమే అక్కడి కాపురాల రహస్యం.

మర్నాడు మధ్యాహ్నం జిమ్ములో ఈగ దూరడానికి సందు లేదు. కిటికీల్లో తలలు, కప్పు రేకుల కంతల్లో కళ్ళు. అంతమంది ఉన్నా ఊపిరి తప్ప మరో చప్పుడు లేదు. ఒడార్టేను ఇద్దరు చెరో రెక్క పట్టుకుని తాళ్ళ మధ్యనుంచి లోపలికి దూర్చారు. అతని చేతులకు తొడిగిన పాత గ్లౌజుల్లోంచి దూది బయటికి చూస్తోంది. ఆనాంగ్ ఎదురుగా నిలబడ్డాడు. చూపు మామూలుగానే సముద్రం వైపు తిప్పుకోబోయాడు, కానీ రింగులో సముద్రం లేదు. తప్పనిసరై ఒడార్టే ముఖంలోకి చూశాడు. ఎంత ముసలివాడయ్యాడు! కనుబొమల మీది పాత గాట్లు ముడతల్లో కలిసిపోయాయి. ఆనాంగ్‌కు జాలేసింది, ఆ జాలి మీద వెంటనే కోపం వచ్చింది.

ఒడార్టే ఒక అడుగు ముందుకు వేసి, తల దగ్గరగా పెట్టి, మెల్లగా అడిగాడు.

"ఆనాంగ్... ఏ చెయ్యి?"

ఆనాంగ్‌కు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మకం కుదరలేదు. తను ముప్పై ఏళ్ళుగా దేవుడి పేరుకంటే ఎక్కువగా తలచుకున్న దెబ్బ, కొట్టినవాడికి గుర్తే లేదు!

"ఎడమ," అన్నాడు పళ్ళ సందుల్లోంచి. ముప్పై ఏళ్ళ తర్వాత అతనితో అన్న మొదటి మాట అదే. "ఎడమ, మొద్దూ. ముందు కుడి భుజం కదిపి మోసం చేస్తావు. నేను అటు చూస్తాను. అప్పుడు ఎడమచెయ్యి కిందనుంచి వస్తుంది."

"అలాగా?" అన్నాడు ఒడార్టే. ఎడమచెయ్యి ఒకసారి ఊపి చూసుకుని, "బాగుందే," అన్నాడు.

కోచ్ తువ్వాలు ఊపాడు.

ఒడార్టే కుడి భుజం కదిపాడు. ఆనాంగ్ అటు చూశాడు. అంతవరకూ అన్నీ ఒప్పందం ప్రకారమే జరిగాయి. తర్వాత ఎడమచెయ్యి కిందనుంచి లేచింది. ముసలిచెయ్యే, కానీ దారి మరిచిపోలేదు. బుర్రకు గుర్తులేనిదంతా ఆ చేతికి గుర్తుంది. ఆనాంగ్ చేయాల్సింది ఒక్కటే. కదలకుండా నిలబడి, దవడ అప్పగించి, పడిపోవడం.

కాళ్ళు వినలేదు. మోకాళ్ళు వాటంతట అవే వంగాయి, తల ఆ చేతి దారిలోంచి తప్పుకుంది, గ్లౌజు చెవిమీదుగా గాలి విసురుకుంటూ పోయింది. ఆనాంగ్ కుడిచెయ్యి ఎవరినీ అడక్కుండా పైకి లేచి, ఒడార్టే గడ్డం కింద మెత్తగా ఆనుకుని ఆగింది. ఇద్దరూ అలాగే నిలబడిపోయారు.

ఒక్క క్షణం జిమ్ము జిమ్మంతా గుడ్లప్పగించి చూసింది. ఆ తర్వాత బుకోమ్ పగిలింది.

రెండు వారాలుగా కడుపులో దాచుకున్న కేకలన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి. కప్పు రేకులు అదిరాయి. ఎవడో కిటికీ తలుపు మీద డప్పు వాయించాడు, ఎవడో గంటకు చుట్టిన గుడ్డ లాగి పడేసి గంట బాదాడు, సోవా తన పక్షం మరిచిపోయి పక్కవాణ్ణి వాటేసుకుని గంతులేశాడు. వీధిలో కుక్కలు అందుకున్నాయి. నేలలో మొక్కజొన్న నిజంగా నిద్రపోతుంటే ఆ వేళ తప్పకుండా లేచి కూర్చునే ఉంటుంది.

ముందుగా కోచ్‌కు తెలివొచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆయన్ని చూసి ఒక్కొక్కరే నోళ్ళు మూసుకున్నారు. గంట బాదినవాడు గంటను పొట్టకేసి హత్తుకున్నాడు.

"అయిపోయింది," అన్నాడు సోవా, మళ్ళీ గుసగుసలోకి దిగి. ముఖం వెలిగిపోతోంది. "తప్పించుకున్నాడు! అరవై దాటినవాడు, వలలు కుట్టుకునేవాడు తప్పించుకున్న దెబ్బరా అది! అదా ప్రపంచాన్ని జయించిన దెబ్బ? ఆ రోజు జారకపోతే ఆ రోజే తప్పించుకునేవాడు. ఓకై, సుడిగాలికి రంగు కలుపు."

ఒడార్టే తన ఎడమ గ్లౌజు వైపు చూసుకుంటున్నాడు. మేకలు మాట విననప్పుడు చూసే చూపే అది. ఆ చూపు చూశాకే ఆనాంగ్‌కు తానేం చేశాడో తెలిసింది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమంటే ఇదే. ఛాంపియన్‌ను గోడెక్కించడానికి రింగులోకి దిగి, అందరి కళ్ళముందూ తన చేత్తో కిందికి లాగేశాడు. పైగా ఆ తప్పించుకున్న క్షణంలో ఎంత హాయిగా ఉందో! అది తలచుకుంటే ఇంకా సిగ్గేసింది.

"ఆగండి," అన్నాడు. "నేనెలా తప్పించుకున్నానో ఎవడూ అడగడేం?"

అతనే చెప్పాడు.

"పెరట్లో. రోజూ పొద్దున్నే, వలల దగ్గరికి పోకముందు. ముప్పై ఏళ్ళుగా. ఈ ఒక్క దెబ్బ, ఇంకేదీ కాదు. వీడు కుడి భుజం కదుపుతాడు, ఎడమచెయ్యి వస్తుంది, నేను తప్పుకుంటాను. మొదట్లో కలలో కూడా తగిలేది. తలగడ మీద దవడ పట్టుకుని లేచేవాణ్ణి. జ్వరమొచ్చినా మానలేదు. మా అమ్మ పోయిన రోజు కూడా మానలేదు, అందరూ ఏడుస్తుంటే పెరట్లోకి పోయి తప్పుకుని వచ్చాను. వీడంటే నాకు కోపంరా. ఇప్పటికీ కోపమే. కానీ అంత దెబ్బ మళ్ళీ నా జన్మలో చూడలేదు."

గడప దగ్గర నిలబడ్డ డేడే నోరు విప్పింది. "నిజమే. నేను దోమల్ని కొడుతున్నాడనుకున్నా. ఏళ్ళ తరబడి ఈ దోమలేంటా అనుకున్నా."

నవ్వు రాబోయింది, కానీ డేడే కళ్ళు తుడుచుకుంటోంది. అందరూ మళ్ళీ మింగేశారు.

ఆనాంగ్ సోవా వైపు తిరిగాడు. "నీ సుడిగాలి పడగొట్టినవాళ్ళు ఈ పేటలోనే ఎంతమంది ఉన్నారు? పిలు. ఒక్కణ్ణి పిలు. టెట్టే దెబ్బ గుర్తు చేసుకుని పొద్దున్నే లేచేవాడు ఎవడైనా ఉన్నాడా? వాళ్ళంతా మర్నాడే లేచి చేపలు అమ్ముకోడానికి పోయారు. నేను పోలేదు. ఇంకా ఆ రింగులోనే ఉన్నా. ఒక్క దెబ్బనుంచి తప్పుకోవడానికి ఒక మనిషికి ముప్పై ఏళ్ళు పట్టిందంటే, ఆ దెబ్బ గొప్పదో కాదో నువ్వే చెప్పు. అది కూడా వీడు ముసలాడయ్యాక!"

సోవా చేతిలో క్షౌరం కత్తి లేదు. అది లేకుండా అతనికి వాదన తోచదు. నెత్తి గోక్కుని, "మా నాన్నకు ఒక కన్ను సరిగ్గా కనబడేది కాదులే," అన్నాడు.

కోచ్ ముక్కు ఎగబీల్చాడు. మూడుసార్లు విరిగిన ముక్కు కాబట్టి అది ఏడుపో జలుబో తెలియలేదు. "ఓకై, ఎడమచెయ్యి పెద్దదిగా వెయ్," అన్నాడు.

సరిగ్గా అప్పుడే తెల్లబట్టలు కట్టుకుని పూజారి ఇంటి మనిషి గుమ్మంలోకి వచ్చాడు. జనం ఎండుటాకుల్లా పక్కలకు జరిగారు.

"ఎవరిదీ అరుపు?"

అందరూ కప్పువైపు చూశారు. కప్పులోని కళ్ళు ఆకాశం వైపు చూశాయి.

"నాది," అన్నాడు ఒడార్టే, తాళ్ళు పట్టుకుని ముందుకు వచ్చి. "అరిచింది నా దెబ్బ చూసి. గొర్రె నేను పెడతా."

"అబద్ధం," అన్నాడు ఆనాంగ్ ఆ మనిషితో. "దెబ్బ వేసినప్పుడు అరవలేదు, నేను తప్పుకున్నప్పుడు అరిచారు. గొర్రె నాది."

"దెబ్బే లేకపోతే దేన్నుంచి తప్పుకునేవాడివి?"

"తప్పుకోకపోతే నీ దెబ్బకు ఎవడు అరిచేవాడు?"

పూజారి ఇంటి మనిషి ఇద్దరి ముఖాలూ చూశాడు. "మీ తగువు తేలేసరికి మొక్కజొన్న కోతకొచ్చేట్టుంది," అన్నాడు. "చెరో గొర్రె పెట్టండి."

సాయంత్రం డేడే గిన్నె పెద్దది తెచ్చింది. ఒడార్టే తన ప్లాస్టిక్ కుర్చీని తానే ఈడ్చుకుంటూ ఆనాంగ్ పెరట్లోకి వచ్చి, పిలవకుండానే కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో చేతులు పెట్టారు.

"నాకు ఈ మధ్య చాలా గుర్తుండటం లేదు," అన్నాడు ఒడార్టే. "బెల్టు గెలిచిన రాత్రి కూడా. ఫోటో చూస్తే వీడెవడో బాగానే ఉన్నాడే అనిపిస్తుంది. ఆ దెబ్బ ఇంకోసారి చెప్పు."

ఆనాంగ్ ముద్ద పక్కన పెట్టి మొదటినుంచీ చెప్పాడు. ఆరో రౌండులో ఎవరు అలిసిపోయారో, రింగు ఏ మూల తడిగా ఉందో, ఆ మూలకు తాము పోనే లేదన్నదీ, కుడి భుజం, ఎడమచెయ్యి, దవడ, రిఫరీ లెక్క. ఒడార్టే కథ వినే పిల్లాడిలా నోరు తెరుచుకుని విన్నాడు. ఎంత కోపంగా చెబుదామనుకున్నా ఆనాంగ్‌కు కోపం రాలేదు. ఇది తెలిసినవాళ్ళు ఇక లోకంలో తామిద్దరే, అందులోనూ ఒకడికి గుర్తులోంచి జారిపోతోంది. ఆ సంగతి తట్టేసరికి అతనికి ఏడుపొచ్చింది, కారం ఎక్కువైందని ముక్కు తుడుచుకున్నాడు.

"బాగా కొట్టాను," అన్నాడు ఒడార్టే తృప్తిగా. చేపముక్క నోట్లో వేసుకుని కాసేపు నమిలాడు. "మరి ఆ రోజు కుడిచేత్తో వేసుంటే?"

ఆనాంగ్ చెయ్యి గిన్నెకూ నోటికీ మధ్య ఆగిపోయింది. ముప్పై ఏళ్ళలో ఈ ముక్క ఎప్పుడూ తట్టలేదు.

మర్నాడు కోడి కూయకముందే పెరట్లో నిలబడ్డాడు. గాలిలో ఒక కుడిచేతిని ఊహించుకుని ఎటు తప్పుకోవాలో తేలక రెండుసార్లు తనకాలు తానే తొక్కుకున్నాడు. గోడవతల నుంచి డేడే గుసగుసగా తిట్టింది. అంతలో వాకిలి తలుపు కిర్రుమంది. ఒడార్టే చేతికర్రతో లోపలికి వచ్చాడు.

"గాలికి చేతులుండవు ఆనాంగ్, ఒక్కడివీ ఎలా నేర్చుకుంటావు?" అంటూ కర్రను గోడకు ఆనించి, కాళ్ళు సర్దుకుని, కుడిచెయ్యి ఎత్తాడు. ముసలి ఆనాంగ్‌కు ఎక్కడ దెబ్బ తగులుతుందోనని దాన్ని మెల్లగా, అటకమీంచి కుండ దించినంత జాగ్రత్తగా ముందుకు తెచ్చాడు.

ఆనాంగ్ కదల్లేదు. ఆ చెయ్యి దవడ దాకా వచ్చి ఆగేదాకా చూసి, తల అడ్డంగా ఊపాడు.

"మెల్లగా కాదు, ఛాంపియన్," అన్నాడు. "నిజంగా వెయ్."